చదువులో కష్టమైన సగం

చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లు దిగి ఏ సందులోకి మళ్లినా ఒక లేడీస్ హాస్టల్ బోర్డు ఎదురవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఈ దారంతా చదువుల సంత. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ కోర్సుల ఫ్లెక్సీల సందున నర్సు ఉద్యోగాల కోచింగ్ ప్రకటనలూ వేలాడుతుంటాయి. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్బీనగర్‌లో ఆగుతాయి కాబట్టి ఆ జిల్లాల పిల్లలకు హైదరాబాద్ ఇక్కడే మొదలవుతుంది. వాళ్లలో నర్సింగ్ చదివే అమ్మాయి రోజు ఎలా సాగుతుందో చెప్పడం కష్టం కాదు. కొన్ని గంటలు వార్డులో, కొన్ని గంటలు తరగతిలో. తరగతిలో మేడమ్ స్లైడ్లు చదువుతారు, అరవై మంది రాసుకుంటారు. రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ మంచం మీద కూర్చుని, పొద్దున చూసిన రోగికి కేర్ ప్లాన్ రాయాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. పాఠం వినడం తేలికైన పని, అది చేసేటప్పుడు ఎదురుగా టీచరున్నారు. విన్నదాన్ని మంచంలో ఉన్న మనిషికి అన్వయించడం కష్టమైన పని, అది చేసేటప్పుడు పక్కన ఎవరూ లేరు. ఏళ్లుగా ఆ వెలితిని సీనియర్ల రికార్డు పుస్తకం పూడ్చేది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చాక ఆ పని ఫోను అందుకుంది.

నర్సింగ్ విద్యలో కృత్రిమ మేధ గురించీ, ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ (తిరగేసిన తరగతి) గురించీ ఇప్పుడు సెమినార్లు బోలెడు జరుగుతున్నాయి. రెండింటినీ రెండు వేర్వేరు వింతలుగా పొగడడం వాటిలో రివాజు. నా వాదన వేరు. తరగతిని మార్చకుండా ఏఐని తెస్తే, అది నకలు రాతను నున్నగా చేసిపెట్టే యంత్రంగా మిగులుతుంది. ఏఐ గానీ దానికి సమానమైన తోడు గానీ లేకుండా తరగతిని తిరగేస్తే, పాఠం చెప్పే బాధ్యతను పిల్లల నెత్తిన వేసినట్టే అవుతుంది. రెండూ కలిసినప్పుడు మాత్రం ఒక అరుదైన సరుకు దొరుకుతుంది. అది టీచరు సమయం. ఆ సమయం రోగి మంచం దగ్గర, విద్యార్థి చేతి పక్కన ఖర్చవుతోందా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే ఈ ప్రయోగాల విలువ కట్టాలి. ఎన్ని లైసెన్సులు కొన్నారు, ఎన్ని వీడియోలు తీశారు అన్న లెక్కలు దానికి పనికిరావు.

తిరగేసిన తరగతి అంటే ఏమిటో ముందు చూద్దాం. 2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉడ్‌లాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు బడికి రాలేని పిల్లల కోసం పాఠాలు రికార్డు చేశారు. వచ్చిన పిల్లలూ వాటిని చూస్తున్నారని తెలిశాక వాళ్లకు ఒక సందేహం కలిగింది: పాఠం ఇంట్లోనే వినగలిగినప్పుడు తరగతి గంట దేనికి? లెక్కలు చేయించడానికి, ప్రయోగాలకు, తికమకపడ్డ పిల్లవాడి పక్కన కూర్చోవడానికి అని జవాబు చెప్పుకున్నారు. ఇంట్లో పాఠం, బడిలో హోంవర్కు. అంతకు ముందే 1990ల్లో హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ భౌతికశాస్త్రం తరగతిలో ఇలాంటిదే చేశాడు. విద్యార్థులు ముందే చదివి వస్తారు, తరగతిలో ఒక ప్రశ్న వేస్తాడు, పక్కవాళ్లతో వాదించుకుని జవాబు తేలుస్తారు. మన దగ్గర దీన్ని కొత్త సిద్ధాంతంలా చెబుతారు గానీ, వంటో కుట్టుపనో నేర్పిన ఏ పెద్దమ్మా ముందు గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, చేతిపనిని రాత్రి ఒంటరిగా చేసుకొమ్మని పంపలేదు. గట్టున కూర్చోబెట్టి ఈత గురించి చెప్పి, ఏట్లో దిగేటప్పుడు మాత్రం వదిలేసి వెళ్లే పద్ధతి కాలేజీలు కనిపెట్టిందే.

నర్సింగ్‌కు ఇది ఎందుకు అంత అతుకుతుందో చెప్పడానికి ఒక్క పాఠం చాలు. ఇన్సులిన్ ఇవ్వడం. చూడ్డానికి అరపేజీ విషయం. మన దేశంలో మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, పెన్నుల్లో వచ్చేదాంట్లో 100 యూనిట్లు. 100 యూనిట్ల సీసాలూ ఉన్నాయి. సిరంజీలు కూడా రెండు రకాలు: ఎర్ర టోపీది 40 యూనిట్ల మందుకు, నారింజ టోపీది 100 యూనిట్ల మందుకు. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకుందాం. 40 యూనిట్ల సీసాలోంచి నారింజ టోపీ సిరంజితో 20 గీత దాకా లాగితే రోగికి నిజంగా వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 యూనిట్ల మందును ఎర్ర టోపీ సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్తాయి. మొదటి తప్పులో చక్కెర దిగదు. రెండో తప్పులో రోగి చెమటలు పట్టి, మాట తడబడి, సమయానికి ఎవరూ గమనించకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. ఇప్పుడు ఇదే విషయాన్ని ఫోనులో ఏఐని అడిగితే ఏమవుతుందో ఆలోచించండి. దానికి చదువు చెప్పిన రాతలో అమెరికా నుంచి వచ్చింది చాలా ఉంది. అక్కడ మిల్లీలీటరుకు 100 యూనిట్లన్నదే వాడుక. సీసా సంగతి చెప్పకుండా ప్రశ్న అడిగితే, అది ఆ లెక్కనే పట్టుకుని తడుముకోకుండా జవాబు చెప్పే ప్రమాదం ఉంది. లెక్కలో తప్పుండదు. తప్పల్లా మన వార్డులోని ట్రేలో ఏ సీసా ఉందో దానికి తెలియకపోవడమే.

పాత పద్ధతిలో ఈ పాఠం ఇలా నడుస్తుంది: మేడమ్ బోర్డు మీద రెండు గాఢతలూ రాస్తారు, పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా వస్తుంది. తిరగేసిన పద్ధతిలో ఆ అరపేజీని ముందు రోజే ఆరేడు నిమిషాల వీడియోలో పంపిస్తారు. తర్వాత విద్యార్థిని ఏఐతో లెక్కలు సాధన చేస్తుంది. అది ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వేస్తుంది, తప్పితే ఎక్కడ తప్పిందో అడుగుతుంది, విసుక్కోదు. రాత్రి పదకొండింటికి పదోసారి అదే సందేహం అడిగినా తిట్టదు. టీచరుకైనా, రూమ్మేటుకైనా అంత ఓపిక సాధ్యం కాదు. మర్నాడు తరగతిలో బల్ల మీద రెండు రకాల సీసాలు, రెండు రకాల సిరంజీలు కలగలిపి పెట్టి ఉంటాయి. చీటీలో మోతాదు రాసి ఉంటుంది. చేత్తో లాగి చూపాలి. పదిమందిలో నలుగురు పొరపాటు పడతారనుకుంటే, ఆ పొరపాటు అక్కడే, నీళ్లు నింపిన సీసాతో, టీచరు కళ్ల ముందు జరగడమే ఆ గంటకు ఫలితం. ఆ తర్వాత మేడమ్ అసలు ప్రశ్న వేస్తారు: నిన్న రాత్రి ఏఐ మీకు ఏ గాఢత అనుకుని లెక్క చెప్పింది? మీరు దాన్ని అడిగారా? యంత్రాన్ని ఎక్కడ నిలదీయాలో నేర్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. ఆ నేర్పు కృత్రిమ మేధ మీద విడిగా పెట్టే సర్టిఫికెట్ కోర్సులో రాదు, సిరంజి పట్టుకున్న చేతికి వస్తుంది.

ఇదంతా ఊహేనా, ఆధారాలున్నాయా అంటే ఉన్నాయి. అవి బాకాలూదేంత పెద్దవి కావు, కొట్టిపారేసేంత చిన్నవీ కావు. వైద్య, నర్సింగ్, ఫార్మసీ వంటి చదువుల్లో తిరగేసిన తరగతులను మామూలు తరగతులతో పోల్చిన 28 అధ్యయనాలను కలిపి ఇద్దరు పరిశోధకులు 2018లో లెక్కగట్టారు. మొత్తం మీద తిరగేసిన తరగతి వైపే మొగ్గు కనిపించింది. ఆ మొగ్గు మోస్తరుదే. అందులో మనకు పనికొచ్చే చిన్న సంగతి ఒకటుంది: తరగతి మొదట్లో ఒక చిన్న క్విజ్ పెట్టినచోట ఫలితం ఇంకా మెరుగ్గా ఉంది. అంటే వీడియోలు తీయడానికి స్టూడియో కట్టడం కంటే పది నిమిషాల చిట్టి పరీక్ష పెట్టడం ఎక్కువ పని చేస్తుంది. మన కాలేజీ యాజమాన్యాలు సహజంగా మొదటిదానికే డబ్బు ఖర్చు పెడతాయి, ప్రారంభోత్సవం చేయడానికి స్టూడియో అయితే బాగుంటుంది కదా. అంతకు ముందు 2014లో సైన్సు, ఇంజనీరింగ్, గణిత తరగతుల మీద వచ్చిన 225 అధ్యయనాల సమీక్షలో, ఉత్త ఉపన్యాసం విన్న విద్యార్థులు ఫెయిలయ్యే అవకాశం, తరగతిలో ఏదో ఒకటి చేసిన విద్యార్థుల కంటే ఒకటిన్నర రెట్లు ఉన్నట్టు తేలింది.

అయితే ఈ ఆధారాల్లోనే ఒక ముల్లు ఉంది. అమెరికాలోని టెక్సస్‌లో నర్సింగ్ విద్యార్థుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో తిరగేసిన తరగతి వాళ్లకు మార్కులు ఎక్కువ వచ్చాయి, సంతృప్తి మాత్రం తక్కువగా ఉంది. ఆరేళ్ల తర్వాత హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో ఇదే మరింత స్పష్టంగా బయటపడింది: చేస్తూ నేర్చుకున్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు తక్కువ నేర్చుకుని, బాగా అర్థమైందని భ్రమపడ్డారు. ఇది మన దిల్‌సుఖ్‌నగర్‌కు బాగా తెలిసిన సంగతే. ఫలానా సార్ చెబుతుంటే సినిమా చూసినట్టుంటుంది అన్న మాట మీదే ఇక్కడ కోచింగ్ సెంటర్లు నిలబడ్డాయి. సినిమా చూసినవాడు హీరో కాడని వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఫీజు కట్టిన తల్లిదండ్రులు వచ్చి, మేడమ్ పాఠం చెప్పడం మానేశారటగా అని అడిగితే ప్రిన్సిపల్ బెదిరిపోకుండా ఉండాలి. ఆ ఫిర్యాదు వస్తుంది. వచ్చినంత మాత్రాన పద్ధతి చెడిందని కాదు.

ఇక ఏఐ సంగతి. దీని మీద ఇప్పటిదాకా వచ్చిన ప్రయోగాల్లో నాకు అన్నిటికంటే గట్టిగా అనిపించింది టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థుల మీద గణితంలో జరిగినది. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. మరికొందరికి జవాబు నేరుగా చెప్పకుండా, టీచర్లు రాసిచ్చిన సూచనల ప్రకారం ఆచూకీలు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ ఇచ్చారు. సాధన సమయంలో మొదటివాళ్ల మార్కులు 48 శాతం, రెండోవాళ్లవి 127 శాతం పెరిగాయి. తర్వాత చాట్‌బాట్ తీసేసి పరీక్ష పెట్టారు. మొదటివాళ్లు అసలు ఏఐ ముట్టనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. రెండోవాళ్లకు ఆ నష్టం దాదాపుగా లేకుండా పోయింది. అంటే ఊతకర్ర ఇస్తే పిల్లలు బాగా నడిచారు, లాగేస్తే మొదటికంటే అధ్వాన్నంగా నడిచారు. మరోవైపు హార్వర్డ్ భౌతికశాస్త్రం తరగతిలోనే, జాగ్రత్తగా తయారుచేసిన ఏఐ ట్యూటరుతో ఇంట్లో నేర్చుకున్న విద్యార్థులు, మంచి తరగతిలో నేర్చుకున్నవాళ్లను మించారని 2025లో వచ్చిన నివేదిక చెప్పింది. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏఐ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదని తెలుస్తుంది. జవాబు చెప్పే ఏఐ ఒకటి, ప్రశ్న అడిగే ఏఐ ఒకటి. మన హాస్టళ్లలో ఇప్పుడున్నది మొదటిదే. ఎందుకంటే ఏ కాలేజీ చెప్పి ఇచ్చింది కాదది, పిల్లలు తమంతట తామే తెచ్చుకున్నది.

దాని పర్యవసానం కేర్ ప్లాన్‌లో కనిపిస్తుంది. కేర్ ప్లాన్ అంటే రోగిని చూసి, అతని ఇబ్బందుల్ని వరస పెట్టి, ఏది ముందు తీర్చాలో నిర్ణయించి, చేసినదాని ఫలితం రాయడం. నర్సు ఆలోచనా విధానమంతా అందులో ఉంటుంది. ఆయాసంతో వచ్చిన రోగికి కేర్ ప్లాన్ రాయమంటే చాట్‌బాట్ అరనిమిషంలో చక్కటి ఇంగ్లిషులో రాసిపెడుతుంది. తల ఎత్తుగా పెట్టాలి, ఆక్సిజన్ చూడాలి, భయం పోగొట్టాలి, అన్నీ సరైనవే. మంచంలో ఉన్న మనిషి మాత్రం అందులో ఉండడు. ఆయన రాత్రి ఎన్ని దిండ్లు ఎత్తుగా వేసుకుంటున్నాడో, కాళ్ల వాపు ఎప్పుడు మొదలైందో, మందులు నెల మధ్యలో ఎందుకు ఆపేశాడో అందులో ఉండదు. సీనియర్ రికార్డు చూసి రాసినప్పుడూ ఇవి ఉండేవి కావు, ఆ మాట నిజమే. తేడా ఒక్కటే. ఆ నకలు టీచరుకు చూడగానే దొరికేది, ఇది దొరకదు. అందుకే రాసి తెచ్చిన కాగితానికి మార్కులు వేసే పద్ధతికి కాలం చెల్లింది. ఏఐతో రాసుకుని రానివ్వండి, దాన్ని పట్టుకుని వార్డుకే నడవండి. ఇందులో ఏ వాక్యం ఈ రోగికి పనికిరాదో చూపించు అని అడగండి. తరగతి తిరగబడితే తప్ప ఈ పరీక్షకు టీచరుకు తీరిక ఉండదు. రెండింటినీ విడదీయకూడదని నేననడానికి ఇదే కారణం. అయితే వార్డుకు వెళ్లే ఆ కాగితం మీద ఒక హద్దు గీయాలి: రోగి పేరు, ఫోన్ నంబరు, రిపోర్టు ఫొటో ఏ చాట్‌బాట్‌లోకీ వెళ్లకూడదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం సంగతి అటుంచి, రోగి గుట్టు కాపాడడం నర్సు వృత్తిలో మొదటి పాఠాల్లో ఒకటి.

భాష దగ్గర ఈ వ్యవహారం ఇంకా ఆసక్తికరంగా మారుతుంది. మన నర్సింగ్ చదువు ఇంగ్లిషులో, రోగి తెలుగులో, విద్యార్థిని రెండింటి మధ్య. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి వచ్చిన అమ్మాయికి పాఠ్యపుస్తకంలో మొదటి ఆటంకం వైద్యం కాదు, వాక్యం. ఆ వాక్యాన్ని తెలుగులో విప్పి చెప్పమని ఏఐని అడగొచ్చు. ఇది చిన్న మేలు కాదు. ఒక్కో కష్టమైన పేరాను తనకు అర్థమయ్యే మాటల్లో విన్నాక మళ్లీ ఇంగ్లిషులో చదివితే రెండూ వస్తాయి. భారత ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి వంటి ప్రయత్నాల పుణ్యమా అని తెలుగులో మాట వినే, మాట్లాడే సాఫ్ట్‌వేర్లు కూడా మెరుగవుతున్నాయి. కానీ ఏఐ మాట్లాడే తెలుగు ఇంకా చాలావరకు పత్రికా తెలుగు, కొన్నిసార్లు ఇంగ్లిషుకు తొడుగు. అది శ్వాస తీసుకోవడంలో ఇబ్బంది అంటుంది. మాల్ నుంచో దేవరకొండ నుంచో వచ్చిన ముసలాయన దమ్మొస్తుంది బిడ్డా అంటాడు. ఆయన భార్య పొద్దటి సంది పెయ్యి కాలుతున్నది, సోయి లేదు అంటుంది. ఈ సోయి లేకపోవడమన్నది ఎంత చిక్కు మాటో చూడండి. స్పృహ పూర్తిగా తప్పిందా, పిలిస్తే పలుకుతున్నాడా, మాట పొంతన లేకుండా ఉందా, ఒట్టి నీరసంగా పడుకున్నాడా? స్పృహను కొలవడానికి ప్రపంచమంతా వాడే గ్లాస్గో కొలమానంలో ఈ నాలుగింటినీ వేర్వేరుగా నమోదు చేస్తారు. గుండెల మంట అన్నప్పుడూ అంతే, అది పుల్లటి తేన్పుల మంటా, గుండెపోటుకు ముందు వచ్చే బిగువా అన్నది తర్వాతి రెండు ప్రశ్నల్లో తేలాలి.

ఆ రెండు ప్రశ్నలు నేర్పే తరగతి మన కాలేజీల్లో చాలా అరుదు, ఎందుకంటే అంత సమయం మిగలదు. సమయం దొరికితే ఇలా చేయొచ్చు: ఏఐని రోగిగా నటించమని ముందురాత్రి సాధన చేయించాలి, అది నల్గొండ యాసలో తడబడితే దాన్ని విద్యార్థులే సరిదిద్దాలి. మర్నాడు తరగతిలో ఒకమ్మాయి రోగిగా, ఒకామె నర్సుగా కూర్చుని, తమ ఊళ్లో జనం నొప్పిని ఎన్ని మాటల్లో చెబుతారో పోగుచేయాలి. గుంజడం, సలపడం, పొడవడం, తీపులు, తిమ్మిరి, ఇవన్నీ వేర్వేరు నొప్పులు. ఇంగ్లిషు పుస్తకంలో వీటికి పట్టికలున్నాయి, మన మాటలకు లేవు. నాలుగు బ్యాచ్‌లు ఇలా పోగుచేస్తే ఏ పెద్ద కంపెనీ దగ్గరా లేని ఒక పదకోశం తయారవుతుంది. ఏఐ నుంచి తీసుకోవడమే తప్ప దానికి మనం నేర్పేది ఏముంటుందని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది హాస్టల్ గది నుంచే వస్తుంది. నలుగురుండే గదిలో, వార్డు డ్యూటీ చేసి అలసిపోయి వచ్చిన పిల్ల రాత్రి వీడియో చూసి రమ్మంటే ఎలా చూస్తుంది? ఫోను ఉన్నా డేటా అయిపోతుంది, పైగా నైట్ డ్యూటీ రోజుల్లో అసలు కుదరదు. ఈ అభ్యంతరం న్యాయమైనది, దీన్ని తోసేసే హక్కు ఎవరికీ లేదు. తిరగేసిన తరగతి పేరుతో రోజుకు గంట అదనపు పని పెడితే అది దోపిడీయే. పాఠం నిడివి తగ్గాలి, ఆ సమయాన్ని టైంటేబుల్లోనే చూపించాలి. ఇంట్లో అని పేరు గానీ కాలేజీ లైబ్రరీలో మధ్యాహ్నం నలభై నిమిషాలు కేటాయిస్తే అదీ తిరగేసిన తరగతే. కాలేజీ వైఫైలో దించుకుని వెళ్లే చిన్న వీడియోలు, కాగితం మీద అచ్చువేసిన రెండు పేజీలు కూడా అదే పని చేస్తాయి. తెలంగాణలో టీశాట్ చానళ్లు టీవీలోనే పోటీ పరీక్షల పాఠాలు చెబుతున్నాయి, నర్సింగ్ పాఠాలకు ఆ దారి మూసి లేదు. సాంకేతికత ఎంత తక్కువైతే అంత మంచిదని నేను అనను గానీ, ఈ పద్ధతికి కావలసినది ముందే చదవడం, వచ్చాక చేయడం. మిగతావి సౌకర్యాలు.

రెండో అభ్యంతరం టీచర్లది. ప్రతి పదిమంది విద్యార్థులకు ఒక టీచరుండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. కాగితం మీద ఉన్నవాళ్లందరూ తరగతిలో కనిపిస్తే ఆ ప్రమాణం మంచిదే. పైగా కాలేజీల సంఖ్య పెరుగుతోంది. 2014 తర్వాత వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాలల పక్కనే 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెట్టడానికి 1,570 కోట్ల రూపాయలతో కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. భవనాలు డబ్బుతో లేస్తాయి, టీచర్లు అలా లేవరు. ఈ స్థితిలో కొత్త పద్ధతి అంటే ఉన్న టీచరు నెత్తిన మరో మోపు కాదా? మొదటి ఏడాది మోపే. పాఠం మొత్తం మళ్లీ తయారు చేసుకోవాలి. అయితే ఇన్సులిన్ పాఠం మంగళగిరిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఒకటే. తెలంగాణ కాలేజీలకు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రకు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రతి కాలేజీ విడివిడిగా వీడియో తీసే బదులు, ఈ రెండూ మంచి టీచర్లను కూర్చోబెట్టి ఒకసారి తీయిస్తే, ప్రశ్నలడిగే ఏఐ ట్యూటరుకు సూచనలు ఒకసారి రాయిస్తే, చిన్న కాలేజీ మేడమ్‌కు మిగిలేది తరగతి నడపడమే. ఇంకో భయం లోలోపల ఉంది, ఎవరూ పైకి అనరు: వీడియో ఉంది, ఏఐ ఉంది, ఇక మీరెందుకని యాజమాన్యం అంటుందేమోనని. ఆ మాట అనే యాజమాన్యాలు ఉంటాయి. అందుకే నియంత్రణ సంస్థ ఒక నియమం పెట్టాలి: తిరగేసిన తరగతి నడిపే కాలేజీలో టీచర్ల నిష్పత్తి కొంచెం కూడా తగ్గడానికి వీల్లేదు, మిగిలిన గంటలు వార్డులో చూపించాలి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. కొత్త కమిషన్ చేయగల పనుల్లో ఇది ఖర్చులేనిది.

మూడోది ఈ పేటకే ప్రత్యేకమైన అభ్యంతరం. పరీక్షలో బిట్లే అడుగుతారు, బిట్లు నేర్పక ఇదంతా ఎందుకు? 2024లో తెలంగాణ ప్రభుత్వం 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. రాతపరీక్షకు 80 మార్కులు, అన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. అలాంటి పరీక్ష ఉన్నంతకాలం బిట్ బ్యాంకులు అమ్ముడుపోతాయి, తప్పుపట్టలేం. కానీ పరీక్షలు కూడా ఒకచోట ఆగిలేవు. అమెరికాలో నర్సుగా పనిచేయడానికి రాయాల్సిన ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్ 1 నుంచి మారింది. ఒక రోగి కథనిచ్చి, గంట గంటకూ మారే లక్షణాలు చూపించి, ఏది ముందు గమనించాలి, ఏ పని ముందు చేయాలి అని అడుగుతోంది. మన దేశంలోనూ 2021 జూలైలో గెజిట్‌లో వచ్చిన బీఎస్సీ నర్సింగ్ కొత్త నిబంధనలు చదువును సెమిస్టర్లుగా, సామర్థ్యాల ఆధారంగా మార్చాయి. రెండో సెమిస్టర్‌లోనే ఆరోగ్య సమాచార సాంకేతికత ఒక సబ్జెక్టుగా వచ్చింది. విద్యార్థి ఒక్కో బల్ల దగ్గరా ఒక్కో పని చేసి చూపించే ఓస్కీ పరీక్షలకు చోటు దొరికింది. 1970ల్లో స్కాట్లండ్‌లోని డండీలో వైద్య విద్యార్థుల కోసం పుట్టిన ఈ పరీక్షలో బిట్ బ్యాంకు పనిచేయదు, చెయ్యి పనిచేయాలి. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్లాలని భాష నేర్చుకుంటున్న అమ్మాయికీ రేపు అక్కడి వార్డులో అడిగేది అదే. ఈ మార్పును కోచింగ్ సెంటర్లు కాలేజీలకంటే ముందే పసిగడతాయని నా అనుమానం, మార్కెట్ వాసన వాళ్లకు తొందరగా తెలుస్తుంది.

ఇక నాలుగోది, యంత్రం మీద ఆధారపడితే నర్సు బుర్ర మొద్దుబారదా అన్నది. మొద్దుబారుతుంది, టర్కీ ప్రయోగం చెప్పింది అదే. కానీ దీనికి విరుగుడుగా ఏఐని కాలేజీ గేటు బయట ఆపాలనుకుంటే, అది ఆసుపత్రి గేటులోంచి ఎదురొస్తుంది. అమెరికాలో వందల ఆసుపత్రులు వాడుతున్న, ఒంట్లో ఇన్ఫెక్షన్ విషమించడాన్ని ముందే పసిగట్టే ఒక హెచ్చరిక వ్యవస్థను మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సొంతంగా పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. అది మూడింట రెండు వంతుల కేసుల్ని పట్టుకోలేకపోయింది. అదే సమయంలో ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో 18 మంది మీద గంట మోగించింది. ఇలాంటి గంటల మధ్య నిలబడే నర్సుకు రెండు ధైర్యాలు కావాలి: గంట మోగినా రోగి బాగున్నాడని చెప్పే ధైర్యం, గంట మోగకపోయినా ఏదో తేడాగా ఉందని డాక్టరును నిద్రలేపే ధైర్యం. ఈ రెండోదాన్నే నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో రాసిన పుస్తకంలో అనుభవం ముదిరిన నర్సు లక్షణంగా విడమరచింది. కొత్త నర్సు నియమాల్ని పట్టుకుని నడుస్తుంది, ముదిరిన నర్సు గదిలో అడుగుపెట్టగానే పరిస్థితి మొత్తాన్ని చూస్తుంది. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకు తీసుకెళ్లేవి కేసులు, పొరపాట్లు, పక్కనుండి దిద్దిన పెద్ద నర్సు. ఆ దారిలో నియమాలు గుర్తుపెట్టుకునే మొదటి మెట్టు మాత్రమే ఏఐ తేలిక చేయగలదు.

బొమ్మల మీద నేర్పినా రోగి స్పర్శ రాదన్న మాట కూడా వినిపిస్తుంది. అది కొత్త మాటేం కాదు. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ బడికి మిసెస్ ఛేజ్ అనే నిలువెత్తు బొమ్మ వచ్చింది. పక్క మార్చడం, దుస్తులు తొడగడం దాని మీదే నేర్పారు. అప్పటి నుంచి నేటి ఊపిరి పీల్చే మానెక్విన్ల దాకా ఏ బొమ్మా వార్డును రద్దు చేయలేదు, వార్డులో మొదటి పొరపాటు రోగి మీద పడకుండా మాత్రం ఆపింది. ఏఐని కూడా ఆ వరసలో చివరి బొమ్మగా చూస్తే సగం భయాలూ సగం భ్రమలూ ఒకేసారి తగ్గుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో నర్సులు సుమారు 2 కోట్ల 98 లక్షలు, ఇంకా కావలసినవాళ్లు 58 లక్షలు. ఈ కొరత మన గడపలోనే కనిపించబోతోంది. చైతన్యపురికి కూతవేటు దూరంలో, గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో, వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. అన్ని పడకల పక్కన నిలబడేవాళ్లలో కొందరు ఇవాళ ఈ సందుల్లోని హాస్టళ్లలోనే చదువుతూ ఉండొచ్చు. వాళ్ల చేతికి ఒక రాత్రి ఇన్సులిన్ సీసా ఇచ్చి 20 యూనిట్లు అన్నప్పుడు, సిరంజి టోపీ ఎర్రగా ఉందా నారింజ రంగులో ఉందా అని ఒక్క క్షణం ఆగి చూసే అలవాటు వాళ్లకు ఈ నాలుగేళ్లలో ఏ గంటలో, ఎవరి పక్కన అబ్బుతుందన్నది టైంటేబుల్ వేసేవాళ్ల చేతిలో ఉంది.